నాలుగూ మంచివే

ఒక రోగి ఇంట్లో కట్టు మార్చే పని ముగించుకుని నర్సమ్మ టైర్ల షాపుకు తిరిగి వచ్చేసరికి ఆమె కారు ముందు చక్రాలకు అప్పుడే కొత్త టైర్లు ఎక్కేశాయి. మెకానిక్ వెనకవి విప్పడానికి జాకీ పెడుతున్నాడు. పొద్దున బండి ఇక్కడ వదిలేటప్పుడు ఆమె ఖరీదైన రకాన్ని చేత్తో తట్టి చూపించి, నాలుగూ అవే వెయ్యమని చెప్పి మరీ వెళ్ళింది. ఇవి అవి కావు.

"ఇవేంటి?" అంది.

షాపాయన నీళ్ళు నమిలాడు. "మీ బావగారు ఫోన్ చేశారమ్మా. చవకరకం చాలు, నేను చెప్పానని వేసెయ్యి అన్నారు."

"బండి తెచ్చిందెవరు?"

"మీరే."

"డబ్బు ఇచ్చేదెవరు?"

"మీరే కదమ్మా."

"మరి మధ్యలో ఆయనెవరు?"

మంచం దిగలేని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఇంజెక్షన్లు చెయ్యడం, పుళ్ళు కడిగి కట్లు కట్టడం ఆమె పని. అందుకే అందరికీ నర్సమ్మ. ఆ కారు ఒకప్పుడు బావగారిది, అంటే భర్త అన్నగారిది. ఆయన కొత్తది కొనుక్కున్నప్పుడు పాతదాన్ని ఈమె తీసుకుంది. ఊరికే కాదు, నెలనెలా కట్టి తీర్చింది. అయినా బావగారి నోట్లో అది ఇప్పటికీ 'నా బండి'యే. హారన్ మార్చాలన్నా, సీటు కవర్లు వేయించాలన్నా ఆయన్ని అడగాలి. భర్త సంగతి చెప్పక్కర్లేదు. అన్నయ్య ముందు తలెత్తి ఎరగడు.

"విప్పు" అంది నర్సమ్మ.

"ఒకసారి రిమ్ముకి ఎక్కించాక కొత్తవని అమ్ముకోలేనమ్మా."

"ఎక్కించమన్నవాళ్ళకే అమ్ముకో."

షాపాయన ఫోన్ చెవిన పెట్టుకుని పక్కకు జరిగాడు. నర్సమ్మ ఒక స్టూలు లాక్కుని కారుకు అడ్డంగా వేసుకుని కూర్చుంది. బావగారి కొత్త కారు సర్వీసింగులో ఉంది. కాసేపటికి ఆయన టాక్సీలో దిగారు.

"ఏంటమ్మా ఈ గోల? నలుగురూ చూస్తున్నారు."

"చూడనివ్వండి బావగారూ."

"ఆ ముసలి బండి మహా అయితే ఇంకో రెండేళ్ళు తిరుగుతుంది. దానికి అంత ఖరీదైనవెందుకు? బండి పోయాక టైర్లు నెత్తిన పెట్టుకుంటావా? నువ్వు నడిపేదేమో నత్తనడక. బళ్ళ గురించి నాకంటే నీకు తెలుసా?"

ఆయన మాటలో నిజం లేకపోలేదు. ఆమె కూడా చాలాకాలం ఆ లెక్కే వేసుకుంది. కానీ ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాట ఒకటి ఉంది. ఇప్పుడు చెప్పేసింది.

"కిందటి వానాకాలంలో బడి దగ్గర వాలులో దిగుతున్నాను. పిల్లలు రోడ్డు దాటుతున్నారు. బ్రేకు తొక్కాను. చక్రాలు ఆగిపోయాయి గానీ బండి ఆగలేదు, జారుకుంటూ పోతూనే ఉంది. మీరు దగ్గరుండి వేయించిన చవక టైర్లే. అప్పటికి వాటికి ఏడాది కూడా నిండలేదు. ఒక పాప కదలకుండా నన్నే చూస్తూ నిలబడిపోయింది. దాని గొడుగు బానెట్‌కి తగిలాక బండి ఆగింది."

మెకానిక్ జాకీ వదిలేసి ఇటు తిరిగాడు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నారు బావగారు.

"చెబితే ఏమనేవారు?"

"ఏమంటాను? నీకు నడపడం రాదు, తాళాలు ఇటిచ్చెయ్ అంటాను."

"అందుకే చెప్పలేదు."

బావగారి ముఖం ఎర్రబడింది. "నేనిచ్చిన బండెక్కి నాకే ఎదురు మాట్లాడతావా?"

నర్సమ్మ స్టూలు మీంచి లేచింది.

"మీరు ఇవ్వలేదు. అమ్మారు. నేను కొన్నాను. ఆ బండి ఎన్నాళ్ళు బతుకుతుందో నాకనవసరం. నేను తొక్కినప్పుడు ఆగాలి. అంతే."

కారు వెనకాల మెకానిక్‌కి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. షాపాయన అతనికి కనుసైగ చేశాడు. చవకరకం రెండూ కిందికి దిగాయి.

"పోనీ ముందు రెండూ నీ ఇష్టం, వెనక రెండూ ఇవే ఉంచు" అన్నారు బావగారు, ఏదో ఒకటి దక్కించుకోవాలని.

"నాలుగూ" అంది నర్సమ్మ.

"ఇవి మీ ఖాతాలో రాసుకోనా సార్?" అని షాపాయన వినయంగా అడిగాడు. బావగారు వినబడనట్టు రోడ్డు వైపు తిరిగారు.

పని అయ్యేసరికి ఎండ నెత్తికెక్కింది. ఆయన వచ్చిన టాక్సీ ఎప్పుడో వెళ్ళిపోయింది. బావగారు వచ్చి కారు ముందు తలుపు మీద చెయ్యి వేశారు.

"అక్కడ నా మందుల సంచి ఉంది" అంది నర్సమ్మ. "వెనక కూర్చోండి."

ఆయన వెనక తలుపు తీసుకుని ఎక్కారు. ఆ కారులో ఆయన వెనక కూర్చోవడం అదే మొదలు. దారి పొడుగునా మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. నర్సమ్మ అద్దంలో అది గమనిస్తూనే నడిపింది.

ఇంట్లో అడుగుపెట్టగానే ఆయన తమ్ముడి మీద విరుచుకుపడ్డారు. "నీ పెళ్ళానికి పొగరెక్కిందిరా!"

భర్త చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. తల ఎత్తాడు.

"ఇప్పుడెక్కింది కాదన్నయ్యా. మొదట్నుంచీ ఉంది. నువ్వే చూడలేదు."

అనేశాక తన మాటకు తనే బెదిరినట్టు మళ్ళీ చొక్కా మీదికి వంగాడు. నర్సమ్మ వంటింట్లో నిలబడి ఆ మాట విని, గ్లాసుడు నీళ్ళు తాగి, ఇంకో గ్లాసు తెచ్చి భర్త పక్కన పెట్టింది. తర్వాత తాళాలు తీసుకుని మధ్యాహ్నం ఇంజెక్షన్లకు బయలుదేరింది.

బావగారు చాన్నాళ్ళు ఆమెతో మాట్లాడలేదు. ఆమెకూ ఆ లోటు పెద్దగా తెలియలేదు.