గేటు దగ్గర సూర్యుడు

మొగులమ్మకు దొంగతనం అస్సలు చేతకాదు. చేతనైనవాళ్లు దాచాల్సింది అన్నం గిన్నె అడుగున దాచి, వాచ్‌మన్‌తో నవ్వుకుంటూ గేటు దాటిపోతారు. ఆమె మాత్రం ఆ రోజు రవికెలో గుప్పెడు రేకు ముక్కలు దోపుకుని, వాచ్‌మన్ అంజన్న "గిన్నె సూపియ్" అనేసరికి గిన్నె మూత కింద పడేసుకుంది. "ఏమైంది మొగులమ్మా, జెరమొచ్చిందా?" అని అడిగాడాయన, పాపం. వచ్చిందనే చెప్పి, తన ఇల్లున్న ఇస్నాపూర్ దాకా వెనక్కి చూడకుండా నడిచింది.

రేకంటే బంగారు రేకేం కాదు, మందుబిళ్లల వెనక అతికించే వెండిరంగు ఫాయిలు. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో, ప్యాకింగ్ మిషన్ల కింద ఊడ్చే పని ఆమెది. రాలిన ఫాయిలంతా ఏరి, సూపర్‌వైజర్ కళ్లముందు ముక్కముక్కలు చేయించాలి. దాని వెనక నీలం అక్షరాల్లో మందు పేరు అచ్చై ఉంటుంది, బయటికి పోతే నకిలీ మందులవాళ్ల చేతిలో పడుతుందని కంపెనీ భయం. ఒక్క ముక్క దొరికినా మర్నాడు గేటు లోపలికి రానివ్వరు. కిందటేడు బీరమ్మను అట్లాగే వెళ్లగొట్టారు. మొగులమ్మ పెనిమిటి సంగప్ప పనిచేసే ఫౌండ్రీ మూతపడి ఏడాది దాటింది. ఇంటి కిరాయికీ పొయ్యి మీది గిన్నెకూ ఈ పనే ఆధారం.

ఇంత తెలిసీ ఎందుకు తెచ్చిందంటే, టీచరమ్మ వల్ల. కమలాకుమారి టీచర్ మంచిదే, అందులో పేచీ లేదు. సర్కారు బడిలో రంగుపెన్సిళ్లకే దిక్కులేదు గనుక, ఇంట్లో దొరికేవాటితోనే శనివారం శనివారం పిల్లల చేత బొమ్మలు చేయించేది. బెండకాయ కోసి రంగులో ముంచి పువ్వులు అచ్చు వేయించింది. పెన్సిల్ చెక్కిన పొట్టు అతికించి బొమ్మలకు గౌనులు తొడిగించింది, రాలిన ఆకులతో చేపలు చేయించింది. అంతవరకు ఎవరికీ కష్టం లేదు. బాలల దినోత్సవానికి మాత్రం గోడ నిండా బొమ్మలు పెట్టాలి, మెరిసే కాగితాలు తెండి అన్నది. పిల్లలు చాక్లెట్ కాగితాలూ, సిగరెట్ డబ్బాల్లోని వెండి కాగితాలూ పట్టుకొచ్చారు. మొగులమ్మ ఇంట్లో చాక్లెట్ లేదు, సంగప్ప తాగేది బీడీ. మూడో తరగతి చదివే కూతురు సంతోష అన్నం ముందు మూతి ముడుచుకుని కూర్చుంది.

"మెరిసేటియి నువ్వు దినాం ఊడుస్తవు గదనే అమ్మా!" అన్నది. తల్లి మనసు అక్కడ పట్టుతప్పింది.

సంతోష మైదా ఉడికించి బంక చేసుకుంది. ఫాయిలును సన్నటి పట్టీలుగా కత్తిరించి, రాతవైపు కిందికి పెట్టి, అట్టముక్క మీద సూర్యుణ్ణి అతికించింది. నిజం చెప్పాలంటే చాలా బాగా చేసింది. మొగులమ్మ మాత్రం పిల్ల చేత ఒట్టు వేయించుకుంది. "నేను యాడ పనిజేస్తనో ఎవ్వలకు చెప్పకు. తెలిస్తె నా పని పోతది."

బాలల దినోత్సవం నాడు ఆమెకు మధ్యాహ్నం మొదలయ్యే రెండో షిఫ్టు. సంతోష కొంగు పట్టుకుని బడికి లాక్కుపోయింది. పలకలు పంచడానికి ఎవరో పెద్దసారు వస్తున్నాడన్నారు. జీపులోంచి దిగిన మనిషిని మొగులమ్మ చూడగానే గుర్తుపట్టింది. ఆయన రామలింగేశ్వరరావు, వాళ్ల కంపెనీ పర్సనెల్ ఆఫీసరు. బీరమ్మను వెళ్లగొట్టింది ఈయనే. ఒకసారి చూసిన ముఖం మరిచిపోడని పేరు. మొగులమ్మ తల మీదికి కొంగు లాక్కుని మిగతా తల్లుల వెనక నక్కింది.

ఆయన గోడ పొడుగునా నడిచి, సరిగ్గా సూర్యుడి ముందే ఆగాడు.

"భలే ఉందే! ఎవరు చేశారు?"

"నేనే సార్," అన్నది సంతోష.

"ఈ మెరిసే కాగితం ఎక్కడిదమ్మా?"

"తొవ్వల దొరికింది సార్."

"మొదటి బహుమతి నీకే. మీ అమ్మ వచ్చిందా? పిలువు, ఇద్దరికీ కలిపి ఇస్తాను."

సంతోష తల్లుల గుంపు వైపు చూసింది. చూపు మొగులమ్మ మీదుగా, అక్కడెవరూ లేనట్టే జరిగిపోయింది.

"రాలే సార్."

బతికిపోయాననుకుంది మొగులమ్మ. ఆ వెంటనే ఇంకోటీ తోచింది. ఇంత చిన్నపిల్లకు ఇంత తడబడకుండా అబద్ధమాడటం నేర్పింది తనే. ఆఫీసరు అంతటితో ఊరుకున్నా బాగుండేది. "దీన్ని మా కంపెనీలో పెట్టిస్తాను, అందరూ చూస్తారు" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

పెట్టించాడు కూడా. గేటు పక్కన, అన్నం గిన్నెలు తెరిచి చూపించే బల్లకు ఎదురుగా, అద్దమైనా లేకుండా నాలుగు మేకులు కొట్టించి. మొగులమ్మ రోజూ తల వంచుకుని దాని ముందునుంచి పోయేది. "నా సూర్యున్ని సూసినవా?" అని పిల్ల రోజూ అడిగేది. చూశానని రోజూ చెప్పేది.

చలి ముదిరేసరికి మైదా బంక పెళుసెక్కింది. ఒకరోజు ఓరకంట చూస్తే, ఒక కిరణం కొస లేచి ఉంది. కింద నీలం గీత కనబడింది. మర్నాటికి అక్షరాలు కనబడ్డాయి. అవి చదివితే చాలు, రేకు ఎక్కడిదో కంపెనీలో ఎవరికైనా తెలిసిపోతుంది.

ఆ మర్నాడు పొద్దుటి షిఫ్టుకు అందరికంటే ముందే పోయింది. లారీ వస్తే గేటు తీయడానికి అంజన్న అటు వెళ్లగానే, గిన్నె మూత తీసి నాలుగు మెతుకులు వేలితో మెదిపి, కిరణం కింద రాసి అదిమి పట్టింది. అప్పుడు చూసింది బొమ్మను, మొదటిసారి దగ్గరగా. సూర్యుడి కింద చీపురు పట్టుకున్న చిన్న ఆడమనిషి ఉంది. తల మీద కంపెనీలో పెట్టుకునే నీలం టోపీ. బడిలో గీసినట్టుంది. మొగులమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏం జేస్తున్నవ్ ఆడ?" అంజన్న వచ్చేశాడు.

"దుమ్ము తుడుస్తున్న అన్నా."

"మంచిగ జేసింది పోరి. మీ ఇస్నాపూర్ పిల్లనే అంటున్నరు. ఎవ్వల బిడ్డనో ఎరికేనా?"

"నాకేమెరిక? ఎవ్వల బిడ్డనో."

ఆ మాట అని లోపలికి పోయింది గానీ, మధ్యాహ్నం దాకా చీపురు చేతిలో ఉందన్న సంగతే తెలియలేదు.

బడి నుంచి రాగానే సంతోష అడిగింది. "అమ్మా, ఇయ్యాల సూసినవా?"

"సూసిన బిడ్డా." ఈసారి అబద్ధం కాదు.

"టోపీ పెట్టుకున్నది నువ్వే! సూసినవా?"

"సూసిన."

"మరి అది నా బిడ్డ జేసిందని వాచ్‌మన్ తాతకు చెప్పినవా?"

మొగులమ్మ వేలికి ఎండిపోయిన మెతుకును గోటితో గీకుతూ కూర్చుంది. పిల్ల ముఖంలోకి చూడలేకపోయింది. బొమ్మలో తల్లిని నిలబెట్టిన పిల్లకు లేదని ఎట్లా చెబుతుంది?

"చెప్పిన," అన్నది.

సంతోష ముఖం వెలిగిపోయింది. "అయితె ఇగ నేను గూడ అందరికి చెప్పొచ్చు!" అని ఒక్క గంతులో గడప దాటింది.

ఆ గల్లీలో సగం మంది ఆ కంపెనీలో పనిచేసేవాళ్లే, గేటు దగ్గరి సూర్యుణ్ణి రోజూ చూసేవాళ్లే. మొగులమ్మ లేచి వాకిట్లోకి వచ్చేసరికి, పిల్ల అప్పుడే పక్కనున్న ముత్యమ్మ వాళ్ల ఇంటి ముందు నిలబడి, "మా అమ్మ పనిజేసే కంపెనీల..." అంటూ మొదలుపెట్టింది.