తొమ్మిదో మెట్టు

మొత్తం ఎనిమిది మెట్లు. లోవలక్ష్మి రోజూ వాటిని కూర్చునే ఎక్కుతుంది. మెట్లకు వీపు తిప్పి, రెండు చేతులూ పై మెట్టుమీద ఆనించి, ఒళ్ళంతా ఒక్క ఊపున లేపుతుంది. చచ్చుబడిన కాళ్ళు ఆ వెనక ఈడ్చుకుంటూ వస్తాయి. చక్రాల కుర్చీ కిందే సైకిళ్ళ పక్కన ఉండిపోతుంది.

ఆ పొద్దున మెట్లమీద ఐసు నీళ్ళు పారుతున్నాయి. ఆరో మెట్టు దగ్గర చెయ్యి జారింది.

కింద బేబీ చేతి గాజులు తీసి రుమాల్లో చుట్టుకుంటోంది. పెళ్ళయి ఇరవై ఒక్క రోజులు. బీకాం చదివి ఈ రొయ్యల ఫ్యాక్టరీలో గ్రేడింగు బల్ల దగ్గర సైజులవారీగా రొయ్యలు ఏరే పని చేస్తోంది. లోపలికి గాజులు నిషేధం. కారియరు గిన్నెలో మొగుడు గంగాధర్ చెప్పకుండా పెట్టిన కాజా కనబడితే, రోజూ కనబడేదే అయినా, కొత్తగా నవ్వొచ్చింది. ఆ నవ్వు పెదాలమీద ఉండగానే దబ్బుమని చప్పుడైంది. లోవలక్ష్మి అట్టడుగు మెట్టు దగ్గర పడి ఉంది. మోచెయ్యి చీరుకుపోయి రక్తం ఐసు నీళ్ళలో కలుస్తోంది.

పైన గుమ్మంలో మేనేజరు మణిశంకర్ ఫోనులో టైము చూసుకుని వాచ్‌మన్ వైపు తిరిగాడు. "ఏడు దాటింది. శ్యాంబాబూ, తలుపెయ్యి."

"సార్, పడిపోయిందండీ!" బేబీ అరిచింది.

"చూశాను. పడిపోయేవాళ్ళు పనికెందుకు రావడం? మెట్లెక్కగలదని డాక్టరు ఫిట్‌నెస్ రాసిస్తేనే రేపట్నుంచి లోపలికి. లేకపోతే ఇంట్లో కూర్చోమను."

లోవలక్ష్మి రక్తం తుడుచుకుంటూ తలెత్తింది. "నా నడుం ఇరగ్గొట్టింది మీ ఐసు దిమ్మేనండి. ముందు దానికి చేయించండి ఫిట్‌నెస్."

అది నిజం. రెండేళ్ళ కిందట ఈ షెడ్డులోనే దిమ్మ జారి ఆమె నడుంమీద పడింది. పనికొచ్చిన ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. మణిశంకర్ మొహం నల్లబడింది.

"ముందువైపు ర్యాంపు ఉంది కదండీ?" అంది బేబీ.

ఉంది. విదేశీ బయ్యర్లు తనిఖీకి వస్తారని ఆఫీసు గుమ్మం ముందు గ్రానైటు పరిచి కట్టారు. పక్కన స్టీలు కడ్డీ. పైన నీలం బోర్డు: 'విభిన్న ప్రతిభావంతులకు స్వాగతం'. ర్యాంపు నిండా క్రోటన్ కుండీలు. చివర అద్దాల తలుపు. ఆ తలుపులోంచి వరండా వెంట తిన్నగా వెళ్తే రొయ్యలు ఒలిచే హాలే. మధ్యలో ఒక్క మెట్టు లేదు.

"అది బయ్యర్లు వచ్చే దారి. మీరు తిరిగితే నీసు కంపు. నలుగురూ పట్టుకుని ఎత్తుకురండి, ఎవరొద్దన్నారు?"

"నేను రొయ్యల ట్రేని కాదండి," అంది లోవలక్ష్మి.

తలుపు పడింది.

*

సాయంత్రం సముద్రం ఒడ్డున ఫ్యాక్టరీ ఆడవాళ్ళందరూ చేరారు. మాటలు మొదలైన కాసేపటికే అరుపులయ్యాయి.

"రొయ్యలు కంపు కొట్టవంట, ఒలిచిన చేతులు కంపు కొడతాయంట!" వీరదుర్గ ఉమ్మేసింది. అందరిలో పెద్దది, అందరికీ పిన్ని. "అయినా లోవా, నీకీ పంతమేంటే? నలుగురం ఎత్తుకుపోతాం. తేలిగ్గానే ఉంటావు."

"రోజూ ఎత్తుతావా పిన్నీ? ఉచ్చకొచ్చినప్పుడల్లా దింపుతావా? నీకు జ్వరమొచ్చిన రోజు నా పని పోవాలా?"



"చట్టం ఉంది పిన్నీ," అంది బేబీ. "పని చేసేచోటికి అందరూ వెళ్ళగలిగే దారి ఉండాలని రాసుంది. ప్రైవేటు కంపెనీ అయినా సరే."

"చట్టం వచ్చి తలుపు తీత్తాదేంటే?" వెనకనుంచి ఎవరో అన్నారు. "ఒక్కదాని కోసం రెండొందల మందిమి పని పోగొట్టుకుంటామా?"

లోవలక్ష్మి తల దించుకుంది.

అంతలో కెరటాలమీంచి కేక: "తాడూ!"

బుల్లియ్య పడవ. ఆయన లోవలక్ష్మి తండ్రి. ముందు నిలబడి తాడు విసిరాడు. వెనక బేబీ మొగుడు గంగాధర్. ఒడ్డున ఉన్నవాళ్ళంతా పరిగెత్తారు. ఒక్కదాని కోసం పని పోగొట్టుకుంటామా అన్నదే అందరికంటే ముందు పట్టుకుంది. ఆ ఒడ్డున అది అడగాల్సిన సాయం కాదు. పడవ ఎవరిదని చూడరు, అందులో చేపలు పడ్డాయా లేదా అని చూడరు. కేక విన్నవాళ్ళు తాడు పట్టాలి. పడవ ఇసుకమీదికొచ్చేదాకా ఎవరూ చెయ్యి తీయరు, ఎవరూ బుట్ట ఎత్తుకుని ఇంటికి పోరు. లోవలక్ష్మి కూడా గట్టి ఇసుకలో కుర్చీ బ్రేకు వేసి, తాడు చివర నడుముకు చుట్టుకుని లాగింది.

పడవ ఒడ్డెక్కింది. బేబీ తన అరచేతుల వంక చూసుకుంది. ఎర్రగా తాడు గీతలు. చుట్టూ చూసింది. అందరి చేతులమీదా అవే.

"రేపూ ఇంతే," అంది. "లోవక్క చక్రం గడప దాటేదాకా మనలో ఎవరి కాలూ దాటకూడదు. ఎవరూ చెయ్యి వదలకూడదు."

వీరదుర్గ అరచెయ్యి చీరకు రుద్దుకుంది. "ఆయ్. వదలం."

*

పొద్దున్న రెండొందల మంది ఫ్యాక్టరీ ముందు గుమ్మానికి నడిచారు. బేబీ ఆ రోజు గాజులు తీయలేదు. ఒక్కో కుండీ ఎత్తి పక్కన పెడుతుంటే డజను ఆకుపచ్చ గాజులు గలగలమన్నాయి. ర్యాంపు ఖాళీ అయింది. లోవలక్ష్మి తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ అద్దాల తలుపు దాకా వెళ్ళింది. తాళం. ఆమె వెనక ర్యాంపు పొడవునా అందరూ కూర్చున్నారు.

పెరట్లో రెండు లారీల రొయ్యలు దిగకుండా నిలబడ్డాయి. లారీల కింద ఐసు కరిగి మడుగు కట్టింది.

మణిశంకర్ పరుగున వచ్చాడు. "రొయ్యలు పాడైపోతున్నాయి! ఎవరిదీ బాధ్యత?"

"ఫిట్‌నెస్ అడగండి సార్, వాటిని," అంది వీరదుర్గ.

ఎనిమిదిన్నరకు పోలీసు వ్యాను వచ్చింది. ఎస్సై సుకుమార్ దిగి లాఠీతో దారి చూపించాడు. "లేవండి. దారికడ్డంగా ఏంటిది?"

"ఇది మా దారేనండి. బోర్డు చదవండి," అంది లోవలక్ష్మి. "విభిన్న ప్రతిభంటే ఏంటండీ? మెట్లమీద పాకడమా?"

కానిస్టేబుళ్ళు మీద పడ్డారు. ఒకడు బేబీ చెయ్యి మెలిపెట్టి లాగాడు. గాజులు చిట్లి ఆకుపచ్చ ముక్కలు గ్రానైటుమీద చెల్లాచెదురయ్యాయి.

"కొత్త పెళ్ళికూతురి గాజులు చిదిపేశారే! మీ చేతులు పడిపోను!" వీరదుర్గ కేకకు అందరూ లేచారు.

బేబీ మణికట్టు నుంచి రక్తం కారుతోంది. "గాజులే కదా పిన్నీ! మా ఆయన మళ్ళీ తెత్తాడు. తాడు వదలకండి!"

ఆమెనూ వీరదుర్గనూ వ్యానులోకి తోశారు. లోవలక్ష్మి కుర్చీ వచ్చి వ్యాను వెనక ఆగింది.

"నన్నూ ఎక్కించండి. ముందు కూర్చున్నది నేనే."

ఇద్దరు కానిస్టేబుళ్ళు ఎత్తబోయారు. "ఒంటిమీద చెయ్యి వేశారంటే ఊరుకోను. చక్రాలతో ఎక్కించండి."

ఎస్సై వ్యాను మెట్టు చూశాడు. కుర్చీ చూశాడు. మళ్ళీ మెట్టు చూశాడు.

"ఎనిమిది మెట్లు రోజూ ఎక్కుతున్నాను సార్. ఇది తొమ్మిదోది. అరెస్టు చెయ్యడానిక్కూడా మీ దగ్గర దారి లేదా?"

జనం గొల్లుమన్నారు. ఎస్సై చెవులు ఎర్రబడ్డాయి. "ఇంటికి పోమ్మా," అని వ్యాను కదిలించాడు.

ఆమె ఇంటికి పోలేదు. వ్యాను వెనకే రోడ్డు మధ్యన చక్రాలు, చక్రాల వెనక రెండొందల జతల కాళ్ళు. స్టేషన్‌కు ఐదు మెట్లున్నాయి. వాటి ముందు ఆమె బ్రేకు వేసింది. చుట్టూ అందరూ కూర్చున్నారు. ఎండ నెత్తిమీదికొచ్చినా ఎవరూ కదల్లేదు.

పన్నెండింటికి ఎస్సై బయటికొచ్చాడు. వెనక బేబీ, వీరదుర్గ.

"ఫ్యాక్టరీ నుంచి ఫోనొచ్చింది. ఐసంతా కరిగిపోయిందంట. అద్దాల తలుపు తీశారు, ఇక మీద అదే మీ దారంట. వీళ్ళనీ వదిలేశాను. వెళ్ళి పనిలో దిగండి."

ఈలలు, కేకలు. బేబీ పరుగున మెట్లు దిగి లోవలక్ష్మిని వాటేసుకుంది. లోవలక్ష్మి మాత్రం బ్రేకు తీయలేదు.

"వెళ్తామండి. మా మేనేజరు మీద కంప్లైంటు ఇవ్వాలి. ఈ పిల్ల చెయ్యి కోసేసిన మీ కానిస్టేబులు మీద కూడా. ఎక్కడ తీసుకుంటారండీ?"

"లోపల రైటర్ దగ్గర," అనేశాడు ఎస్సై. అనేశాక ఐదు మెట్ల వంక, చక్రాల వంక చూశాడు.

వీరదుర్గ కొంగు నడుంలో దోపింది. రోడ్డుమీద అప్పటికే లేచిన ఆడవాళ్ళ వైపు తిరిగింది.

"తాడూ!" అని కేక పెట్టింది.

రెండొందల మందీ మళ్ళీ కూర్చున్నారు.