వాడుకలో లేని వీధులు

సోమవారం ఉదయం కాకినాడ మా టైలరింగు షాపు పక్కన ఆగిపోయి ఉంది.

శనివారం దాకా అక్కడ మందుల షాపు, దాని పక్కన జిరాక్సు షాపు, ఆ తరవాత మలుపు ఉండేవి. ఇప్పుడు మా షాపు గోడ దాటితే ఏమీ లేదు. చీకటి కాదు, మంచు కాదు. ఉతకని ముతక గాడా గుడ్డ రంగులో ఉన్న ఒట్టి ఖాళీ. చెయ్యి పెట్టి చూస్తాను. చల్లగా లేదు, వెచ్చగానూ లేదు. చెయ్యి వెనక్కి తీసుకుని షాపులోకి వెళ్లి, నా స్టూలు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తాను. పని టైము తొమ్మిదిన్నర.

నా పేరు సత్యవేణి. యాభై రెండేళ్లు. ఇరవై రెండేళ్లుగా ఈ షాపులో చొక్కాలకి కాజాలు, జాకెట్లకి హుక్కులు కుడుతున్నాను. ఇంటి నుంచి షాపుకి నాలుగు వందల పన్నెండు అడుగులు. దారిలో పాల బూతు, కూరగాయల బండి ఉంటాయి. ఈ దారి దాటి ఎక్కడికీ వెళ్లను. వెళ్లాల్సిన అవసరం రాకుండా చూసుకుంటాను.

"మస్తాన్‌గారూ, పక్కన మందుల షాపు లేదండి" అంటాను.

మస్తాన్‌గారు మా షాపు యజమాని. కత్తిరిస్తున్న గుడ్డ మీంచి తలెత్తకుండానే జేబులోంచి తలనొప్పి మాత్ర తీసి చూపిస్తారు. "ఇందాకే కొనుక్కొచ్చానమ్మా. నాకుంది. నీకే లేదేమో."

అది నిజమే అయి ఉంటుందని ఒప్పుకుంటాను.

పదకొండింటికి ఆ ఖాళీలోంచి ఒక మనిషి నడిచి వస్తాడు. ఖాకీ చొక్కా, చంకలో ఫైలు, భుజం మీద కొలిచే గొలుసు. గుమ్మం బయటే చెప్పులు విప్పుతాడు.

"సత్యవేణిగారంటే తవరేనాండి? నన్ను గవర్రాజంటారండి. కొలతల ఆఫీసు నుంచొచ్చానండి."

"ఏం కొలతలు?"

"ఎవరి ఊరు వాళ్లకి కొలుస్తామండి. పదేళ్లు వాడని వీధి తీసేస్తామండి. తవరు వాడేది నాలుగొందల పన్నెండడుగులు. అంతవరకూ ఉంచామండి. ఇబ్బందేం లేదు కదండి?"

ఆలోచిస్తాను. ఇబ్బంది లేదు. పైగా మలుపు దగ్గర లారీల హారన్లు వినబడటం లేదు. షాపులోకి దుమ్ము రావడం లేదు. నాకు కొంచెం హాయిగా కూడా ఉంది.

"లేదు" అంటాను.

"అయితే జాబితా చూసుకుని ఓ సంతకం పడేయండి."

జాబితా పొడుగ్గా ఉంది. పార్కు, బీచి, మూడు సినిమా హాళ్లు, రైలు స్టేషను. అడుగున జగన్నాథపురం వంతెన. దాని కింద చిన్న అక్షరాల్లో 'అచ్చియ్యమ్మ, వయసు అరవై ఒకటి'.

"ఈవిడ మా అక్క" అంటాను.

"వంతెనకవతల ఉన్నారు కదండి. వంతెన వాడకంలో లేదు. వంతెన తీసేస్తే అవతలివైపు నిలవదండి."

"ఎప్పుడు తీసేస్తారు?"

"శనివారం మిట్టమధ్యాహ్నం. పన్నెండు కొట్టగానేనండి."

అక్కకీ నాకూ గొడవేం లేదు. పదకొండేళ్ల కిందట దాన్ని చూడటానికి వెళ్తుంటే వంతెన నడిమధ్యలో నా ఆటో ఆగిపోయింది. వెనక బళ్లన్నీ హారన్లు కొట్టాయి. అందరూ నావైపే చూశారు. కాళ్లూ చేతులూ చచ్చుబడిపోయి దిగలేకపోయాను. ఎవరో ఆటోని నెట్టి, నన్ను తిరిగి ఇటువైపే దింపారు. ఆ తరవాత కొన్నాళ్లు అక్కే వచ్చేది. తరవాత దానికి మోకాళ్లు అరిగిపోయాయి. ఈ వారం వెళ్దాం, వచ్చే వారం వెళ్దాం అనుకుంటూ నేను కాజాలు కుడుతున్నాను.

గవర్రాజు పెన్ను మూత తీసి అందిస్తాడు.

"పెట్టను" అంటాను.

నా నోట్లోంచి ఆ మాట రావడం నాకే విచిత్రంగా ఉంది. బయట చిన్న చప్పుడవుతుంది. గవర్రాజు వెళ్లి గొలుసు పరిచి చూసి వస్తాడు.

"అడుగొచ్చిందండి. మందుల షాపు మెట్టు."

"ఎలా వచ్చింది?"

"ఎప్పుడూ చెయ్యనిది చేశారు కదండి. కొత్తది చేస్తే అడుగు, భయపడేది చేస్తే గజాలండి. ఎంత భయానికి అన్ని గజాలు. మా రూల్సులో ఉన్నదేనండి. అడిగినోళ్లకే చెబుతాం." ఫైలు మూసి చెప్పులు తొడుక్కుంటాడు. "శనివారం దాకా టైముందండి. కానీ తవరికి ఇంత ఊరు చాలు. ఎందుకండి శ్రమ?"

మధ్యాహ్నం అక్కకి ఫోను చేస్తాను. దాని గొంతు ఆవగింజంత వస్తోంది.

"ఏంటే వేణీ, గట్టిగా మాట్లాడు. ఎక్కడో దూరాన ఉన్నట్టున్నావు."

"దూరమైంది నువ్వక్కా."

"నేను మంచం మీదే ఉన్నానే. కదల్లేదు."

"నేనూ కదల్లేదు" అంటాను.

మంగళవారం ఎడంచేత్తో పళ్లు తోముకుంటాను. కాఫీ మానేసి రాగిజావ తాగుతాను. రోడ్డుకి అటువైపు నుంచి నడుస్తాను. పాల బూతులో ఇన్నేళ్లూ పేరు అడగని ఆవిడ పేరు అడుగుతాను. వెంకటలక్ష్మి అని చెప్పి, నా పేరు అడుగుతుంది. షాపుకి వచ్చేసరికి ఊరు నాలుగడుగులు పెరిగి ఉంది. మందుల షాపు తలుపు సగం వచ్చింది. సగం మనిషి సగం కౌంటరు వెనక నిలబడి సగం చీటీ చదువుతున్నాడు.

ఇలా అయితే వంతెన రాదు. కత్తిరింపుల కాగితం ఒకటి తీసుకుని నేను భయపడేవన్నీ రాస్తాను. రాసిన ప్రతి భయమూ కాగితం మీద ఒక కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. కొన్ని కాలు మీద కాలు వేసుకున్నాయి. ఒకటి నన్ను చూసి ఆవలిస్తుంది. దాని కింద 'హోటల్లో ఒక్కదాన్నే తినడం' అని ఉంది.

దానితో మొదలుపెడతాను. మందుల షాపు మిగతా సగం ఉండాల్సిన చోట ఖాళీకి ఎదురుగా నిలబడి, లోపలికి అడుగు వేస్తాను. అడుగు కింద హోటలు గచ్చు వస్తుంది. మధ్యలో ఉన్న బల్ల దగ్గరే కూర్చుంటాను. హోటల్లో అందరి తలలూ నావైపు తిరుగుతాయి. మెడలు మాత్రం తిరగవు. పెసరట్టు తెమ్మంటాను. సర్వరు తెచ్చిన పెసరట్టు బల్ల ఆ కొస నుంచి ఈ కొస దాకా ఉంది.

"ఎవరైనా వస్తారాండి?" అని అడుగుతాడు.

"రారు. నేనే తింటాను."

నిదానంగా మొత్తం తింటాను. అల్లం పచ్చడి మళ్లీ అడుగుతాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి తలలన్నీ ఎవరి పళ్లెంవైపు అవి తిరిగిపోయి ఉంటాయి. బయట వీధి అరవై గజాలు చాప విప్పినట్టు విచ్చుకుంటుంది.

బుధవారం ఆ కొత్త వీధి చివర సైకిల్ షాపు ఉంది. నాకు సైకిలు తొక్కడం రాదు. చిన్నప్పుడు నేర్చుకోనివ్వలేదు. పెద్దయ్యాక నన్ను నేనే నేర్చుకోనివ్వలేదు. ఒక సైకిలు అద్దెకి తీసుకుని చీర కుచ్చిళ్లు ఎగదోపి ఎక్కుతాను. పడిపోతాను. పడ్డచోట ముప్ఫై గజాల రోడ్డు పుడుతుంది. తొక్కితే పుట్టడం లేదు, పడితేనే పుడుతోంది. అందుకని జాగ్రత్తగా పడటం మానేసి గట్టిగా పడతాను. మోకాలు చీరుకుంటుంది. సాయంత్రానికి పోస్టాఫీసు వచ్చింది, రెండు స్కూళ్లు వచ్చాయి, కాళ్ల దాకా సున్నం కొట్టిన గుర్రం ఒకటి వచ్చింది. దానికి ఊళ్లో ఏం పనో నాకు తెలియదు. తీసెయ్యమని ఎవరికీ చెప్పను.

గురువారం మస్తాన్‌గారు పది జాకెట్లు నా ముందు పెడతారు. "రేపటికి కావాలమ్మా. పెళ్లివాళ్లవి."

ఇరవై రెండేళ్లుగా ఆయన ఇలాగే పెడుతున్నారు. నేను ఇలాగే తీసుకుంటున్నాను. కాగితం మీద అన్నిటికన్నా పెద్ద కుర్చీ ఈ భయానిదే.

"అవదండి" అంటాను.

"అంటే?"

"రేపటికి అవదు. నాలుగే అవుతాయి. మిగతావి సోమవారం ఇస్తాను."

కత్తెర ఆగిపోతుంది. మస్తాన్‌గారు వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంటారు. ఆయన మొహంలో కోపం లేదు.

"అలా చెప్పొచ్చామ్మా?"

"చెప్పొచ్చనుకుంటానండి. చెప్పాను కదా."

ఆయన లేస్తారు. తరవాత ఫోను తీసి పెళ్లివాళ్లకి కలుపుతారు. "అవదండి" అంటారు. వాళ్లేదో అంటారు. "అవదంటే అవదండి" అని పెట్టేసి, చేతులు చూసుకుంటారు. అవి మొదటిసారి మొలిచినట్టు చూసుకుంటారు. బయట రోడ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్న చప్పుడు. ఆ చప్పుడుకి సూదుల డబ్బా బల్ల మీద గంతులు వేస్తుంది.

శుక్రవారం పెద్ద బజారు నడిమధ్యలో నిలబడి గొంతెత్తి పాడతాను. నా గొంతు బాగుండదు. బాగుండదని తెలిసే పాడతాను. జనం ఆగుతారు, నవ్వుతారు. రెండో చరణం కూడా పాడతాను.

శనివారం పదకొండున్నరకి వంతెన మొదట్లో ఉన్నాను. మొదలు మాత్రమే ఉంది. నీళ్ల మీద, పడవల మీద అదే గాడా గుడ్డ రంగు ఖాళీ. గవర్రాజు అప్పటికే వచ్చి ఉన్నాడు. పక్కన ఒక కుర్చీ. మెత్తటి దిండు, చేతులు ఆనించుకునే చెక్కలు, నా నడుముకి సరిగ్గా సరిపోయే వంపు.

"చాలా ఊరు సంపాదించారండి. ఇక్కడ సంతకం పెట్టేసి కూర్చోండి. వంతెన కష్టమండి తవరికి. ఫైల్లో రాసుంది."

నా మోకాలు సలుపుతోంది. కుర్చీ వైపు చూస్తాను. కుర్చీ కొంచెం ముందుకు జరుగుతుంది.

"మీ ఊరు ఎంతుంటుంది గవర్రాజుగారూ?" అని అడుగుతాను.

అతను భుజం మీది గొలుసు తడుముకుంటాడు. "ఈ గొలుసంతండి. నాకు చాలండి."

"చాలని ఎవరు చెప్పారు?"

"ఆఫీసోళ్లండి."

"నాకు వాళ్లు చెప్పక్కర్లేదు" అంటాను. గొలుసు కొస అతని భుజం మీంచి లాగి, నా మణికట్టుకి చుట్టుకుని నడుస్తాను. రెండో కొస వదిలిపెట్టడానికి అతనికి అనుమతి లేదు. పట్టుకునే ఉంటాడు.

కాలు ఖాళీలో పెడతాను. కాలు మోపాక వంతెన వస్తోంది, ముందు రావడం లేదు. ప్రతిసారీ పడిపోతున్నట్టే ఉంది. ప్రతిసారీ సిమెంటు తగులుతుంది. గొలుసు పొడుగవుతోంది.

నడిమధ్యలో నా ఆటో ఇంకా ఆగే ఉంది. పదకొండేళ్లుగా వెనక బళ్లు హారన్లు కొడుతూనే ఉన్నాయి. లోపల నలభై ఒక్కేళ్ల నేను పైట కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుని ఉన్నాను.

"దిగు" అంటాను.

"అందరూ చూస్తున్నారు" అంటుంది.

"చూడనీ. వాళ్లకి కళ్లున్నాయి, చూస్తారు."

"కాళ్లు రావడం లేదు."

"అయితే కూర్చో. నేను నెడతాను."

చీర బిగించి, ఆటో వెనక భుజం ఆనిస్తాను. కదలదు. హారన్లు పెరుగుతాయి. వెనక్కి తిరిగి, "నాకూ తొందరే" అని వాళ్లకి చెప్పి మళ్లీ నెడతాను. ఎక్కడో మిల్లు సైరను పన్నెండు కూస్తుంది. నా వెనక వంతెన చివరి నుంచి ఊడటం మొదలవుతుంది. నెడతాను. చక్రం ఒకసారి తిరుగుతుంది. ఆ తరవాత దాన్ని ఆపడం కష్టం. సైరను ఆగేసరికి ఆటో, నేను, లోపలి నేను జగన్నాథపురం మట్టి మీద ఉన్నాం. ఊడిన వంతెన ఒక్కో ముక్కా తిరిగి వచ్చి అతుక్కుంటుంది. వాడకంలోకి వచ్చింది కాబోలు. దూరంగా గవర్రాజు గొలుసు కొస పట్టుకుని, తనకి తెలియకుండానే వంతెన మీద పది అడుగులు లోపలికి వచ్చేసి నిలబడి ఉన్నాడు.

లోపలి నేను ఆటో దిగి, నాకేం చెప్పకుండా చేపల మార్కెట్టు వైపు చకచకా వెళ్లిపోతుంది. పిలవను. మణికట్టుకున్న గొలుసు విప్పి అక్కడే వదిలేసి, అక్క ఇంటికి నడుస్తాను.

అక్క దిండంత అయిపోయి మంచం మీద ఉంది. నేను గుమ్మంలోకి రాగానే దిండు కన్నా పెద్దదవుతుంది. పక్కన కూర్చుంటే మంచానికి సరిపోతుంది. చెయ్యి పట్టుకుంటే దాని చెయ్యి నా చెయ్యంత ఉంది.

"చిక్కిపోయావే" అంటుంది. గొంతు మామూలుగా ఉంది. "ఎలా వచ్చావు?"

"నడిచి. కొంత నెట్టి."

"మజ్జిగ తాగుతావా?"

"తాగుతాను. తరవాత నువ్వు లే. బయటికి వెళ్దాం."

"ఎక్కడికే? నా మోకాళ్లు చూడు."

"మనిద్దరం ఎప్పుడూ చూడనిచోటికి. నా భుజం పట్టుకో."

అక్క కిటికీ వైపు, నా వైపు చూస్తుంది. "భయమేస్తోందే."

"మంచిది" అంటాను. "చాలా గజాలొస్తాయి."

ఇద్దరం మెల్లగా నడుస్తూ సముద్రం దాకా వెళ్తాం. ఒడ్డున ఇరవై మంది ఆడవాళ్లు వంగుని సముద్రాన్ని చాపలా చుడుతున్నారు. చుట్టిన మేర కింద తడి రోడ్డు బయటపడుతోంది. రోడ్డు మీద ఒక బస్సు ఆగి ఉంది. ఎక్కుతాం.

సీట్లలో వీధులు కూర్చుని ఉన్నాయి. ఎవరెవరి ఊళ్లలోంచో తీసేసినవి, మడతలు పెట్టుకుని, దీపస్తంభాలు ఒళ్లో పడుకోబెట్టుకుని ఉన్నాయి. ఒక సన్నటి సందు కొంచెం జరిగి అక్కకి చోటిస్తుంది. డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. నాకు బస్సు నడపడం రాదు. వెళ్లి కూర్చుంటాను.

"ఎటు?" అని వెనక నుంచి ఒక పాత బజారు అడుగుతుంది.

"తెలియదు" అంటాను.

తాళం తిప్పుతాను. వీధులన్నీ ఒక్కసారే కిటికీల్లోంచి చేతులు బయటపెట్టి, వానకోసం చూసినట్టు అరచేతులు పైకి చాపుతాయి.