ఇంటిపేరు ఎక్కడిదాకా

దేవుణ్ణి ఏదైనా అడిగేముందు నిజమేమిటో తెలుసుకోవాలా, తెలియకపోయినా అడగవచ్చా అన్న అనుమానం నాకు చాలా ఏళ్లుగా ఉంది. కాపురానికి వచ్చిన కొత్తలో పక్క వాటావాళ్లకూ మాకూ నీళ్ల పైపు దగ్గర గొడవైంది. న్యాయం మా వైపే ఉండేలా చూడు స్వామీ అని నేను దణ్ణం పెట్టుకుంటుంటే, గోడ అవతల ఆవిడ సరిగ్గా అదే మాట పైకి అనుకోవడం వినిపించింది. ఇద్దరి మాటా ఒకేసారి చెవినబడిన దేవుడు ఏం చేసి ఉంటాడా అని అప్పుడు మొదలైన అనుమానం అది. ఎవరినైనా అడిగితే నవ్వుతారని ఊరుకున్నాను.

మా ఆయన పనిచేసే ఆసుపత్రిలో ఆ సంగతి జరిగాక అది మళ్లీ లేచి కూర్చుంది.

మా ఆయన అక్కడ కంప్యూటర్లు, వాటి వైర్లు చూసుకుంటారు. పై అంతస్తు వార్డులో ప్రతి మంచం పక్కనా ఒక మానిటర్ ఉంటుంది. రోగికి ఊపిరి తగ్గినా గుండె లయ తప్పినా అది నర్సు డెస్కు మీది కంప్యూటర్‌కు చెబుతుంది. అక్కడ బెల్లు మోగుతుంది. మిగతా రోగుల నిద్ర చెడకూడదని మంచం దగ్గర మాత్రం చప్పుడు లేకుండా పెడతారు. ఒకరోజు కిటికీ పక్క మంచం మీది ముసలాయనకు ఊపిరి అందలేదు. నర్సు మంచాలన్నీ చూసుకుంటూ అక్కడికి వచ్చేసరికి ఆయన పెదవులు నల్లబడ్డాయి. బతికాడు గాని, కన్నకొడుకును గుర్తుపట్టడం లేదు.

బెల్లు మోగలేదని నర్సు చెప్పింది. ఆ మంచం మానిటర్‌ను విచారణకని బీరువాలో పెట్టి తాళం వేశారు. మిగతా ఎనిమిది మంచాలవీ నొక్కి చూస్తే అన్నీ చక్కగా మోగాయి. అయితే ఈవిడ నిద్రపోయి ఉండాలి, లేదా బెల్లు ఆపేసి ఉండాలి అన్నారు. విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నారు. తప్పు ఆవిడది కాకపోతే ఇక మిగిలేది మా ఆయనే.

ఆ నర్సు నాకు తెలియని మనిషి కాదు. మామయ్యగారు చివరిసారి ఆ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, వేడినీళ్లకోసం నేను మెట్లెక్కి దిగలేక ఆయాసపడుతుంటే చూసి తన సొంత ఫ్లాస్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. “పనయ్యాక ఇద్దురుగాని లెండి” అంది. ఇంటికొచ్చాక చూస్తే ఫ్లాస్కు మా సామాన్లలో ఉంది. తరవాత మామయ్యగారు పోయారు, ఆవిణ్ణి వేరే వార్డుకు మార్చారు. మా ఆయన చేత పంపుదామంటే గుమ్మం దాటి వీధి మలుపు తిరిగాకగాని ఆయనకది గుర్తొచ్చేది కాదు. ఈలోగా అత్తయ్య అందులో వేడినీళ్లు పోసుకోవడం మొదలుపెట్టారు.

“అది మనది కాదు అత్తయ్యా” అంటే, “ఇన్నేళ్లు మనింట్లో ఉన్నాక కోడలే మన మనిషైపోయింది, ఫ్లాస్కుకేం?” అనేవారు.

విచారణ దగ్గరపడుతున్నకొద్దీ మా ఆయన అన్నం కెలికి లేచిపోతున్నారు. “నా పని నేను సరిగ్గానే చేశాను. ప్రతి మంచం దగ్గరా నిలబడి మోగించి చూశాను” అని అడగకుండానే చెబుతున్నారు. రోజూ పొద్దున దేవుడి ముందు నిలబడి ఈయనకేమీ కాకుండా చూడు స్వామీ అనబోతాను. ఈయనకేమీ కాకూడదంటే ఆవిడకేదో కావాలి కదా అని మాట సగంలోనే ఆపేస్తాను.

ఆదివారం మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక అడిగేశాను.

“ఏమండీ, ఆ వార్డులో అసలు మీరు చేసిందేమిటి? నాకర్థమయ్యేలా చెప్పండి.”

“నీకెందుకిప్పుడు?”

“దేవుడికి చెప్పుకోవాలి.”

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. “దేవుడికి సబ్‌నెట్ మాస్కులు తెలియవనుకున్నావా?”

“ఆయనకు తెలిసే ఉంటాయి. తెలియంది నాకు.”

బట్టలు మడతపెడుతున్న అత్తయ్య తలెత్తారు. “మాస్కా? ముఖానికి కట్టుకునేదేనా?”

“అలాంటిదేనమ్మా. కొంత కప్పుతుంది, కొంత వదిలేస్తుంది” అని ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నారు. “ప్రతి యంత్రానికీ ఒక నంబరుంటుంది. నాలుగు ముక్కలు, మధ్యలో చుక్కలు. దాన్ని మన పేరనుకో. ముందు ఇంటిపేరు, వెనక సొంతపేరు. ఇంటిపేరు కలిస్తే ఒకింటివాళ్లు, నేరుగా పలకరించుకుంటారు. కలవకపోతే పరాయివాళ్లు. మాటైనా జవాబైనా గుమ్మంగుండా పంపాలి.”

“అన్నీ అంకెలే కదా. ఇంటిపేరు ఎక్కడిదాకానో ఎలా తెలుస్తుంది?”

“అది చెప్పేదే మాస్కు.” చాలా రోజుల తరవాత ఆయన ముఖంలో కాస్త వెలుగొచ్చింది. “ఎనిమిది చెంచాలు పట్రా.”

మా ఇంట్లో ఆరే దొరికాయి. రెండు గరిటెలు కలిపి ఎనిమిది చేశాను. ఆయన బల్ల మీద ఎడమ చివర గరిటెలు, తరవాత చెంచాలు వరసగా పేర్చారు.

“ఒక్కో ముక్కలో ఇలా ఎనిమిది గళ్లు. పెద్ద గరిటె విలువ నూట ఇరవై ఎనిమిది. తరవాతది దాంట్లో సగం, అరవై నాలుగు. అలా సగం సగం చేసుకుంటూ పోతే ముప్ఫై రెండు, పదహారు, ఎనిమిది, నాలుగు, రెండు, చివరి చెంచా ఒకటి. వెల్లకిలా ఉన్నది లెక్కలోకి వస్తుంది, బోర్లా పెట్టింది రాదు. అన్నీ వెల్లకిలా ఉంటే?”

వేళ్ల మీద లెక్కవేశాను. రెండువందల యాభై అయిదు వచ్చింది.

“మా ఆసుపత్రి నంబర్లలో మొదటి మూడు ముక్కలూ అందరికీ ఒకటే. మూడెనిమిదులు ఇరవై నాలుగు. ఇరవై నాలుగు గళ్లు ఇంటిపేరన్నమాట. అందుకే నంబరు పక్కన ఏటవాలుగా గీత గీసి ఇరవై నాలుగని వేస్తాం. అదే చుక్కలతో అయితే 255.255.255.0. చివరి ముక్క మొత్తం సొంతపేర్లకు. రెండువందల యాభై ఆరు పేర్లొస్తాయి. మొదటిదీ చివరిదీ ఎవరికీ పెట్టం.”

“అదేం పాపం?”

“మొదటిది ఇంటికే పెట్టిన పేరు. చివరిది ఇంట్లో అందర్నీ ఒకేసారి పిలిచే కేక.”

“ఈ ఇంట్లో ఆ కేక నాది” అన్నారు అత్తయ్య.

ఆయన నవ్వి మళ్లీ అందుకున్నారు. “ఆసుపత్రి పెరిగింది. అందరి కేకలూ అందరికీ వినపడి పని నెమ్మదించింది. అందుకని వేరు కాపురాలు పెట్టాను.” చేతులు తుడుచుకునే గుడ్డ తీసి పెద్ద గరిటె మీద కప్పారు. “గుడ్డ కప్పినంత మేరా ఇంటిపేరు. ఈ ఒక్క గడీ అందులో కలిపితే ఇరవై అయిదు. చుక్కలతో అయితే చివర సున్నాకు బదులు 128. ఒకిల్లు రెండిళ్లయింది. నూట ఇరవై ఏడు దాకా వార్డులు, అక్కణ్ణుంచి పైన ఆఫీసులు. రోగుల యంత్రాలకు బయటివాళ్లతో పనేముందని ఆ ఇంటికి గుమ్మం కూడా పెట్టలేదు. ఏదీ, ఇప్పుడు నువ్వు చెప్పు.”

నేను గుడ్డ తీసి దులిపి మళ్లీ కప్పాను. “ఇదిగో, ఇక్కడిదాకా ఇంటిపేరు.”

“రెండు గరిటెలూ కప్పేశావు. ఒకటే కప్పాలి. రెండు కప్పితే ఇరవై ఆరవుతుంది, చివర 192. అప్పుడు నాలుగిళ్లు. ముందు నేనూ అలాగే చేద్దామనుకున్నాను. మా ఆసుపత్రి పెద్దసారు రెండు చాలన్నారు. అప్పటికి డెస్కు ఒక్కదానికే పెట్టి...”

ఆయన ఆ గుడ్డనే చూస్తూ ఉండిపోయారు.

“డెస్కుది మళ్లీ మార్చానా?” అన్నారు. నన్ను అడిగిన మాట కాదు.

తరవాత చేయి చాచి చెంచాలు తిప్పడం మొదలుపెట్టారు. “డెస్కు ఇరవై. పదహారూ నాలుగూ. మంచాలు యాభై ఒకటి నుంచి యాభై ఎనిమిది. వీటన్నిటికీ రెండు గరిటెలూ బోర్లానే. ఒకటి కప్పినా రెండు కప్పినా ఇంటిపేరు కలుస్తుంది. అందుకే మోగాయి.” నుదురు తుడుచుకున్నారు. “కిటికీ మంచం నేను మోగించి చూసిన తరవాత వేశారు. మానిటర్ అమ్మినవాళ్ల మనిషొచ్చి బిగించాడు. ఏ నంబరు పెట్టమంటారంటే ఖాళీ ఉన్నది చూసుకోవయ్యా అన్నాను. డెబ్భై పెట్టాడు. మాస్కు పక్క మంచానిది చూసి వేశాడు.”

నాలుగు, రెండు చెంచాలు మాత్రమే వెల్లకిలా ఉంచి, రెండో గరిటెను కూడా వెల్లకిలా తిప్పారు. డెబ్భై.

“దానికి ఒక గరిటే కప్పి ఉంది. దాని లెక్కలో డెస్కు ఇంట్లో మనిషి. నేరుగా పిలుస్తుంది. డెస్కుకు రెండూ కప్పి ఉన్నాయి. డెస్కు లెక్కలో డెబ్భై పరాయివాడు. వింటున్నాను చెప్పు అనాలంటే గుమ్మంగుండా అనాలి. గుమ్మం లేదు.”

“అయితే ఏమవుతుంది?”

“వింటున్నానన్న మాట అందేదాకా మానిటర్ అసలు సంగతి చెప్పదు. పిలుస్తూనే ఉంటుంది.”

“అంటే ఆ రోజు...”

“పిలుస్తూనే ఉండి ఉంటుంది.”

అత్తయ్య చేతిలోని చీర ఒళ్లో పెట్టుకున్నారు. “ఇది ఇంకెవరికి తెలుసురా?”

“ఎవరికీ తెలియదు.”

“సరిచెయ్యడానికి ఎంతసేపు?”

“నిమిషం పట్టదు.”

“మరింకేం? రేపు వెళ్లి గుట్టుగా సరిచేసి రా. ఇకముందు ఏ రోగికీ ఏమీ కాదు. నీ ఉద్యోగం నీకుంటుంది.”

“ఆ నర్సుకు అత్తయ్యా?” అన్నాను.

“నువ్వు ఆ గరిటెలు లోపల పెట్టు ముందు” అని కసిరారు. “అడిగి అడిగి కొంప మీదికి తెచ్చావు. నోరు కట్టేసుకుని కూర్చుంటే ఏం పోయింది?”

మా ఆయన నా వైపు తిరిగారు. “నా ఉద్యోగం పోతే ఇల్లెలా నడుస్తుంది? చెప్పు.”

“నాకు తెలియదండీ.”

నిజంగానే తెలియదు. 

సాయంత్రం దేవుడి ముందు నిలబడ్డాను. నిజం తెలిసింది కనుక ఇక అడగడం తేలికవుతుందనుకున్నాను. కాలేదు. ఈయన నోరు తెరిచేలా చూడమని అడగడమంటే మా కంచాలు నేనే తీసి వీధిలో పెట్టడం. తెరవకుండా చూడమంటే ఆవిడ కంచం లాక్కోవడం. ఏదీ అనలేక నిలబడి ఉండగా ఆ కిటికీ మంచం మనిషి తలపుకొచ్చాడు. ఇన్నాళ్లూ మా ఆయన గురించీ నర్సు గురించీ దేవుడితో బేరాలాడాను గాని, కొడుకును గుర్తుపట్టలేని ఆ ముసలాయన కోసం ఒక్కసారి కూడా అడగలేదు. సిగ్గేసింది. ఆయనకు మాటలూ మనుషులూ మళ్లీ తెలియాలని అడిగి వచ్చేశాను. మిగతాది అడగలేదు.

మర్నాడు మా ఆయన టిఫిను డబ్బా కూడా తీసుకోకుండా వెళ్లారు. భోజనాల వేళకే తిరిగొచ్చారు. చెప్పులు విడుస్తూనే, “డెస్కు ముట్టుకోకుండా ముందు పెద్దసారు దగ్గరికే వెళ్లాను” అన్నారు.

బీరువాలోని మానిటర్‌ను తెప్పించమని ఈయనే అడిగారట. నర్సును కూడా పిలిపించారట. కిటికీ మంచం పక్కన అది పెట్టి, అందరూ చూస్తుండగా నొక్కితే డెస్కు పలకలేదు. అప్పుడు అందరి ముందూ ఈయన డెస్కు మాస్కులో చివరి 192 తీసి 128 వేశారు. మళ్లీ నొక్కితే వార్డంతా అదిరేలా మోగింది.

“అది మోగగానే సిస్టరు కుర్చీలో కూలబడింది” అన్నారు. “ఆవిణ్ణి రేపట్నుంచి డ్యూటీకి రమ్మన్నారు. నన్ను ఇంట్లో ఉండమన్నారు. ఉంచుతారో తీసేస్తారో తరవాత చెబుతారట.”

చెప్పులు గోడవార పెట్టి, “ఆ ముసలాయన కొడుకు గుమ్మంలో నిలబడి అంతా చూశాడు” అన్నారు.

“ఏమన్నాడు? తిట్టాడా?”

“తిట్టలేదు. ‘అయితే మా నాన్న పిలిచాడన్నమాట’ అన్నాడు. తిట్టినా బాగుండేది.”

ఆ రోజంతా అత్తయ్య మా ఇద్దరితోనూ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళితే తొట్టి దగ్గర నిలబడి ఫ్లాస్కు తోముతున్నారు. లోపలికి గుడ్డ దోపి పుల్లతో తిప్పి తిప్పి తోముతున్నారు.

“ఏం చూస్తావ్? పట్టుకెళ్లి ఇచ్చిరా. డ్యూటీకి వెళ్లేలోపు వెళ్లు. ఒకళ్ల వస్తువు మనకెందుకు?” అని, పొయ్యి మీది నీళ్లు అందులో పోసి మూత బిగించి నా చేతికిచ్చారు.

నర్సు ఇల్లు మూడు వీధుల అవతల మేడ మీదని మా ఆయన చెప్పారు. తలుపు తీసిన మనిషి యూనిఫాంలో ఉంది, కళ్లకింద నల్లగా ఉంది. నన్ను గుర్తుపట్టింది.

“ఆయన తరఫున చెప్పడానికొచ్చారా?”

“లేదమ్మా. ఆయన చెప్పాల్సింది ఆయనే చెప్పారు. నేను ఇదివ్వడానికొచ్చాను.”

ఫ్లాస్కును చూసి, “ఇదా! ఎక్కడో పోయిందనుకున్నా” అని చేతిలోకి తీసుకుంది. గుమ్మంలోనే నిలబడింది. “మోగలేదని మొదట గట్టిగానే చెప్పానండీ. అంతమంది మోగిందంటుంటే చివరికి నాకే అనుమానమొచ్చింది. మోగే ఉంటుంది, నాకే కన్నంటుకుందేమో అని. మా అమ్మతో కూడా అనేశాను, నిద్రపోయానేమోనమ్మా అని. ఆ మాట ఇప్పుడెలా వెనక్కి తీసుకోను?”

 

ఆవిడ మూత తిప్పింది. ఆవిరి ముఖానికి తగిలి వెనక్కి జరిగింది. “పెద్దావిడ పోశారా?”

“ఆవిడే.”

“మూత మారిందే.”

“పాతది పగిలిపోయింది. ఇది మా సీసాది. అత్తయ్యే ఎలాగో సరిపెట్టారు.”

ఆవిడ దాన్ని బిగించి, తలకిందులు చేసి, చుక్క కారుతుందేమోనని చూసింది. కారలేదు. “పనికొస్తుంది లెండి” అని, ఫ్లాస్కును డ్యూటీ సంచిలో పెట్టుకుని, తలుపు తాళం వేసి, నాతోపాటే మెట్లు దిగింది.