శశాంక్ చదవని వాక్యాలు

ఆ రోజు ఇంట్లో నలుగురం ఉన్నాం. మగ్గం మీద పెద్దబాపు పండరి, గడప దగ్గర కండెలు చుడుతూ పెద్దమ్మ కళావతి, మంచంలో నాయనమ్మ సమ్మమ్మ, గోడ పక్కన నోట్‌బుక్కుతో నేను. ఫోన్‌లోని శశాంక్‌ను కలుపుకుంటే అయిదుగురం. పెద్దబాపుకు అతను ఇంటి మనిషే.

శశాంక్ నెట్ రేడియోలో రోజూ పదకొండింటికి రాజకీయాలు మాట్లాడతాడు. కాశిబుగ్గలో మా గల్లీ మగ్గాలన్నిటి పక్కనా అతని గొంతే వినిపిస్తుంది. నేసేవాళ్ల చేతులకూ కళ్లకూ తీరిక ఉండదు, చెవులే తీరికగా ఉంటాయి. పైగా నేతవాళ్లకు నూలు దొరకడం లేదని ఎవరూ నోరెత్తనప్పుడు అతనొక్కడే వారం రోజులు మాట్లాడాడు. దాన్ని పెద్దబాపు మరిచిపోడు.

నేను రఘునాథపల్లి బడిలో పదో తరగతి చదివి, ఇంటర్ కోసం జూన్‌లో ఇక్కడికి వచ్చాను. కొత్తవాళ్ల ముందు నాకు గొంతు పెగలదు. చెప్పలేనివన్నీ ఆ నోట్‌బుక్కులోనే డైరీలా రాసుకుంటాను. విన్న మాటలు కూడా రాస్తాను, అన్నవాళ్లు అన్నది అన్నట్టే.

మర్నాడు మా గల్లీకి మగ్గాల సర్వేవాళ్లు రావాలి. శశాంక్ ఆ రోజుకు ముందురోజు దాని గురించే మాట్లాడాడు. సర్వే ఉత్తర్వులోంచి ఒక వాక్యం చదివాడు: ‘మగ్గంపై బట్ట ఉన్నదీ లేనిదీ సర్వే సిబ్బంది నమోదు చేయాలి.’ తర్వాత అడిగాడు: “ఎందుకు రాసుకుంటాండ్లు? బట్ట ఉంటే ఆమ్దానీ, రాబడి ఉన్నట్టే గదా? ఆమ్దానీ ఉన్నోనికి రేషన్ కార్డు ఉంచుతరా? మీరే ఆలోచించుండ్రి.”

గల్లీ అంతా ఆలోచించింది. సర్వేవాళ్లు వచ్చేలోపు బట్ట కోసేసి, పడుగు పోగులు విప్పేసి, మగ్గాలు ఖాళీగా చూపించాలని సాయంత్రానికల్లా తేలిపోయింది.

మా మగ్గం మీద సగం నేసిన జంపఖానా ఉంది. పడుగు విప్పితే తర్వాత ప్రతి పోగునూ మళ్లీ చేత్తో అతకాలి. ఆ పని పెద్దమ్మది. రెండు రోజులు నడుం ఎత్తకుండా కూర్చోవాలి. అందుకేనేమో, పెద్దబాపు పొద్దుటి నుంచి మూడుసార్లు కత్తెర అడిగినా, ఆమె అది లేని చోట్లన్నీ ఓపికగా వెతికింది.

నేను పాల ప్యాకెట్ కోసం వెళ్లి, తిరిగి వస్తూ చేనేత సంఘం ఆఫీసు ముందు ఆగాను. ఉత్తర్వు అక్కడి గోడకు అంటించి ఉంది. నాలుగు పేజీలు, చిన్న అక్షరాలు. శశాంక్ చదివిన వాక్యం మూడో పేజీలో ఉంది. దాని కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి. అన్నీ రాసుకొచ్చాను. కానీ నోరు విప్పడానికి నాకు గంట పట్టింది. చివరికి విప్పనూ లేదు. పుస్తకం తెరిచి, పెద్దబాపు నేస్తున్న బట్ట మీద పెట్టాను.

ఆయన వేలు పెట్టి చదివాడు. ‘బట్ట లేని మగ్గాన్ని పనిలో లేనిదిగా చూపి, నూలు రాయితీ జాబితా నుంచి తొలగించాలి. ఈ వివరాలను వేరే ఏ పథకానికీ వాడరాదు.’ రెండోసారి కూడా చదివాడు.

“అంటే శశాంక్ అబద్ధం చెప్పిండంటవా?” ఆయనకు కోపం వచ్చింది.

కాదని తల ఊపాను. డైరీలో ముందురోజు పేజీ తీశాను.

“కార్డు పోతదని ఆయన అనలే, పెద్దబాపూ. పోతదా అని అడిగిండు. పోతదని మనమే అనుకున్నం.”

నేనా ఇంట్లో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఈ పొల్లకు నోరున్నదా అని నాయనమ్మ మంచంలోంచి లేచి కూర్చుంది.

అప్పుడే ఎదురింటి పర్శరాములు కాక వచ్చాడు. ఆయనా నేతగాడే. నా పుస్తకం చూసి, రఘునాథపల్లి బిడ్డ రేడియోకే పరీక్ష పెడుతోందా అని నవ్వాడు. నవ్వుతూనే చదివి గడప మీద కూలబడ్డాడు.

“నేను తెల్లారంగనే కోసిన,” అన్నాడు.

పెద్దబాపు మగ్గం ఆపేశాడు. పెద్దమ్మ కండెలు పక్కన పెట్టింది.

“ఫికర్ చేయకు మరిదీ. నేను, నీ పెండ్లాం, ఈ పిల్ల పోగులు అతికేందుకు కూసుంటే రేపు వాళ్లొచ్చే యాల్లకు జానెడు బట్టన్న మగ్గం మీద కనవడ్తది.”

“నాదైతే అయిపోయింది వదినా. ఎనక గల్లీలోళ్లు అన్నం తిన్నంక కోస్తరట. వాళ్లకెవరు చెప్పాలె?”

ఇల్లిల్లూ తిరుగుదామన్నాడు పెద్దబాపు. తిరిగినా నమ్మరన్నాడు కాక. శశాంక్ నోట పడ్డ ముడి శశాంక్ నోటే విడిపోవాలట. పదకొండు దాటింది. శశాంక్ వినేవాళ్ల ఫోన్లు తీసుకునే వేళ. కాక తన ఫోన్‌లో నంబరు కలిపి నా చేతిలో పెట్టాడు.

“నేనైతే తిడ్త. తిడితే కట్ చేస్తరు. నువ్వు జర సదువు బిడ్డా. రాసుకున్నది సదివితె చాలు.”

లైన్‌లో ఉండమని ఒక అమ్మాయి గొంతు చెప్పింది. మా మగ్గం ఆగినా చుట్టుపక్కల మగ్గాల మోత ఆగలేదు. పెద్దమ్మ నన్ను నూలు పెట్టే గదిలోకి తీసుకెళ్లింది.

“నువ్వు గూడ ఉండు పెద్దమ్మా.”

“నేనుంటే నా మొఖం జూస్తవ్. కాయితం జూడు.”

“చెప్పమ్మా, ఎవరు మాట్లాడేది?” శశాంక్ గొంతు చెవిలోనే వినిపించింది.

“సంధ్యారాణి. కాశిబుగ్గ. సార్, నిన్న మీరు చదివిన వాక్యం కింద ఇంకో రెండున్నయి.”

అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడైంది. ఆ చప్పుడు ఆగింది.

“చదువమ్మా,” అన్నాడు.

మగ్గాల మోత లోపలికి రాకుండా పెద్దమ్మ బయటి నుంచి తలుపు మూసింది.