సున్నం పూసిన రాయి

ఆ రోజు ఇంట్లో అయిదుగురం ఉన్నాం. హాల్లో జనార్ధనరావు సార్. రిటైరయ్యాక కూడా భూగర్భ శాఖ ఆఫీసు మ్యాపులు గీసే పని ఆయనకే ఇస్తుందట, అంత తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరట. ఆ మాట చెప్పింది ఆయనే. సోఫాలో ఫోను చూస్తూ ఆయన భార్య హైమావతి గారు. మ్యాపు తీసుకెళ్ళడానికి ఉప్పల్ ఆఫీసు నుంచి వచ్చిన ఉమ మేడం. మెట్రో కింద ట్రాఫిక్‌లో ఇరుక్కుని గంట ఆలస్యమైంది ఆమెకు. వంటింట్లో మా చిన్నమ్మ తారామణి, నాచారంలోని ఈ ఇంట్లో వంట చేస్తుంది. సెలవులకు వచ్చి గిన్నెలు తోముతున్న నేను.

టేబుల్ మీద మా ఊరు పరిచి ఉంది. మ్యాపులో పసుపు రంగు ఉన్నచోట ఇసుకరాయి, దాని కింద నీళ్ళుంటాయి. గులాబీ రంగు ఉన్నచోట ఎర్రమట్టి బండ, ఎంత తవ్వినా దుమ్మే. మా ఊళ్ళో రెండు బోర్లు అట్లాగే పోయాయి. మంచినీళ్ళ కోసం మూడోది ఈ మ్యాపు చూసే వేస్తారు. వాగు అవతలే ఆగాల్సిన పసుపును సార్ వాగు దాటించి మా చేను మీదికి తెచ్చారు.

మా గట్టు మీద ఆయనకు ఆకు అచ్చు ఉన్న రాయి దొరికింది. కోట్ల ఏళ్ళ నాటి ఆకు. అది ఎక్కడుంటే ఇసుకరాయి అక్కడిదాకా ఉన్నట్టేనని ఉమ మేడానికి ఎల్‌కేజీ పిల్లకు చెప్పినట్టు చెబుతున్నారు.

“విడిగా పడున్న రాయి కాదు కదా సార్? విడి రాయిని నమ్మి గీత గీయొద్దని మీరే అనేవాళ్ళు,” అంది ఉమ మేడం.

“బండలోంచి నేనే సుత్తితో తీశానమ్మా. వెనక చూడండి, రాతిలోనే పుట్టిన తెల్లటి కాల్సైట్ పొర. ఈ ఎరుపు ఐరన్ మరక. కోట్ల ఏళ్ళుగా కదల్లేదిది.”

కాఫీ ట్రేతో నిలబడి ఆ రాయిని చూశాను. అది మా పాండవుల్లో నాలుగోది. ఆకు బొమ్మలు బాగున్నాయని తాత వాగు అవతలి గుట్ట నుంచి అయిదు రాళ్ళు బండి మీద తెచ్చి, చేనుకు కాపలా పాండవులని గట్టున నిలబెట్టాడు. ఏటా కోతలకు ముందు సున్నం వేసి బొట్టు పెడతాం. రెండేళ్ళ కింద ఒకటి కనపడకపోతే మేకలు తోశాయనుకుని నాన్న వాగంతా వెతికాడు. అంత పాత ఆకును గుర్తుపట్టిన మనిషికి బొట్టు తెలియలేదు.

“సార్, గది మా పాండవుల రాయి. అవుతల గుట్ట నుంచి తెచ్చిన్రు. ఆ యేడు సున్నం నేనే ఏసిన.”

హైమావతి గారు నవ్వారు. “వీళ్ళకు ప్రతి రాయీ దేవుడే. మన మెట్లకు కూడా బొట్టు పెట్టేస్తుందేమో, చూసుకోండి.”

సార్ పొర మీద ఆసిడ్ చుక్క వేశారు. నురుగు వచ్చింది. “చూశావా? కాల్సైట్. వెళ్ళి గిన్నెలు తోముకో.”

“నిమ్మకాయ పిండితే సున్నం ఏసిన మా ఇంటి గోడ గూడ గట్లనే పొంగుతది సార్.”

“నోరు ముయ్యే,” అంది చిన్నమ్మ లోపలి నుంచి.

నేను ట్రే దించి గోటితో సున్నం పెచ్చు లేపాను. కింద సున్నం వేసే ఈతమట్ట కుంచె పీచు అతుక్కుని ఉంది. లాగి ఉమ మేడం అరచేతిలో పెట్టాను. కోట్ల ఏళ్ళ కింద కుంచె ఎవరు పట్టారో సార్‌ను అడగాలనిపించింది.

మేడం మా జిల్లా వైపు మనిషి. ఆ పీచు ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. వేళ్ళతో తిప్పి చూసింది.

“ఇవాళ మ్యాపు పైకి వెళ్ళాలి ఉమా,” అన్నారు సార్. “మీరు ముందే ఇచ్చిన రిపోర్టుకూ ఈ రాయే ఆధారం, గుర్తుందిగా.”

ఆమె పీచును ఉఫ్‌మని ఊదేసింది. మ్యాపు చుట్టి గొట్టంలో పెట్టుకుని చెప్పులు వేసుకుంది. నేను గుమ్మం దాకా వెంట వెళ్ళాను.

“మేడం, గక్కడ బోరేస్తే నీళ్ళు వడయి.”

“వడకుంటే నాలుగోది ఏస్తరు తియ్యి,” అంది అచ్చం మా ఊరి మాటతో, నా వైపు చూడకుండా. బయటికి వెళ్ళి, నా ముఖం మీదే తలుపు లాగేసింది.