కుడివైపు పై మూల

తుంగభద్ర వరదై రాజోలి మీదికి వచ్చిన ఏడాదిని ఒకటి అనుకుంటే, నేను చెప్పేది పదో ఏటి మాట. ఆ ఊళ్లో పుట్టుకలూ చావులూ కూడా అలాగే లెక్కపెడతారు.

నేను ఒక కంప్యూటర్‌ను. కొత్తదాన్ని కాను. ఎక్కువ మాట్లాడే అలవాటూ లేదు. అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకుంటాను. ఇప్పుడు ఎవరూ అడగకుండానే చెబుతున్నాను. ఒక్కసారే కనుక ఓపిక పట్టండి.

నా గుండెకాయ ఒక దేశంలో, ఎముకలు మరో దేశంలో తయారయ్యాయి. వాటిని కర్నూలులో ఒక మేడమీద గదిలో కలిపి బిగించారు. బిగించినవాడు ఒక చేత్తో మిరపకాయ బజ్జీ తింటూ రెండో చేత్తో మరలు తిప్పాడు. ఆ నూనె మరక ఇప్పటికీ నా లోపలి గోడ మీద ఉంది. ఆ ఏడాదే నది పొంగింది. కింది అంతస్తులో ఉన్న నా తోటివాళ్లు నీళ్లు తాగి పోయారు. నేను మేడమీద ఉన్నాను కాబట్టి బతికాను. నా గొప్పేమీ లేదు.

మొదట బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్‌లో పనిచేశాను. పరీక్ష ఫలితాల రోజున నా ముందు నవ్వినవాళ్లను చూశాను, ఏడ్చినవాళ్లను చూశాను. మార్కులు తక్కువ వచ్చినవాడు నా నెత్తిన ఒక్కటిచ్చేవాడు. ఎక్కువ వచ్చినవాడు నన్ను మెచ్చుకున్న పాపాన పోలేదు. తర్వాత ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రం నన్ను తీసుకుంది. అక్కడ నా మీద టైపు నేర్చుకున్న ముప్పై మందిలో నాగవేణి ఒకతె. కేంద్రం మూతపడేటప్పుడు ఏ బల్ల మీద నేర్చుకుందో ఆ బల్ల మీది నన్నే అడిగి తీసుకుని, ఆటోలో ఒడిలో పెట్టుకుని రాజోలికి తెచ్చింది.

తెచ్చింది తనకోసం కాదు. మామగారు చౌడప్ప కోసం.

చౌడప్ప గద్వాల చీరల అంచులకు బొమ్మలు వేసేవాడు. చదువు మూడో తరగతి. గళ్ల కాగితం మీద ఒక్కో గడి నింపుతూ అంచు గీస్తే, దాన్నిబట్టి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీది జాకార్డు యంత్రానికి ఎక్కితే, ఏ పోగు లేవాలో ఏది ఆగాలో అవే చెబుతాయి. నలభై ఏళ్ల కాగితాలు ఇనుప పెట్టెలో ఉండేవి. వరద దిగాక పెట్టె తెరిస్తే లోపల ముద్ద ఉంది. గరిటెతో తీసి పారబోశారట. ఆ రోజు కూడా ఆయన ఏమీ అనలేదని లింగమ్మ చెప్పేది. లింగమ్మ ఆయన భార్య. ఆమె చెప్పేవాటిలో సగం ఆయన అననివే.

ఆరేళ్లు నా ముందు కూర్చుని ఆ అంచులన్నీ తలలోంచి తీసి మళ్లీ గీశాడు. నూట నలభై మూడు. గడులు నా మీద తేలిగ్గానే నిండాయి. చిక్కంతా పేర్ల దగ్గర వచ్చింది. అప్పుడు నా మాటలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. ఆయనకు అందులో ఒక్క అక్షరం రాదు. అందుకని ఏ అంచునూ పేరుతో పెట్టలేదు, చోటుతో పెట్టాడు. నా తెరనే చీరలా పరుచుకున్నాడు. ఎడమ అంచులు ఎడమన, కుడి అంచులు కుడిన, బుటాలు నడుమ, కొంగు కింద. చీకట్లో తన పంచె ఏ కొక్కానికి ఉందో తెలిసినట్టు ఆయనకు అన్నీ తెలుసు. కింద ఒకటి, రెండు అని అంకెలు నేనే తగిలించుకున్నాను. ఆయన వాటివైపు చూసేవాడే కాదు.

"నాతోని ముప్పై ఏండ్ల కాపురంల ఇంతసేపు ఎన్నడన్న కూసున్నవా?" అనేది లింగమ్మ, అన్నం గిన్నె నా పక్కన పెడుతూ. "ఆ పెట్టెకే తాళి కట్టకపోయినవ్."

ఆయన నవ్వేవాడు కూడా కాదు. గిన్నె మాత్రం ఖాళీ చేసేవాడు.

కోట అంచు అని ఒకటుంది. చౌడప్ప తండ్రి చేతి పని. కోట బురుజులు, బురుజుకూ బురుజుకూ మధ్య ఒక్క పోగు వెలుతురు. వరద తర్వాత అది ఎవరూ నెయ్యలేదు, నెయ్యడానికి అది ఎక్కడా లేదు. నాలుగు నెలలు కూర్చుని దాన్ని పంతొమ్మిదిసార్లు గీశాడు. చివరికి కుదిరినదాన్ని నా తెర మీద కుడివైపు పై మూలకు జరిపి ఊపిరి వదిలాడు. మూడిళ్ల అవతల ఈరన్న మగ్గం దానికోసమే నిలువుపోగుల పడుగు పోసుకుని ఖాళీగా కూర్చుంది.

అప్పటికి నేను బాగా అలసిపోయాను. రోజుకు మూడుసార్లు బిగుసుకుపోయేదాన్ని. నేను పూర్తిగా పోతే అంచులు మళ్లీ పోతాయని నాగవేణికి భయం. ఇంకా బజారులోకి రాని కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి ఉందనీ, ముందుగా వాడి ఎలా ఉందో చెప్పేవాళ్లకు తయారుచేసేవాళ్లు ఊరికే ఇస్తున్నారనీ ఆమె ఫోనులో చూసి పేరు రాయించుకుంది. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే నా ఇంటి పెత్తనం అనుకోండి. నాలో ఎవరు ఎవరి మాట వినాలో చెప్పేది అదే. ఆమె జాగ్రత్త గల మనిషి. అంచులన్నీ ముందు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పాత పెత్తనాన్ని తుడిచి, కొత్తదాన్ని కూర్చోబెట్టి, అంచులను మళ్లీ నాలోకి దింపింది. నూట నలభై మూడూ వచ్చాయి. ఒక్కటీ తగ్గలేదు.

కొత్త పెత్తనం మీద నా మొదటి అభిప్రాయం చెప్పమంటే, మంచిదే. ఒళ్లు తేలికైంది. బిగుసుకుపోవడం తగ్గింది. లేస్తూనే తెర నిండా తెలుగులో పలకరించింది: "నమస్కారం. మీ పేరు చెప్పండి."

చౌడప్ప వంగి, పెదవులు కదుపుతూ చదివాడు. ఇన్నేళ్లలో నా మీద ఆయన చదివిన మొదటి మాట అది. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చదివాడు.

"బాగుంది గద మామా?" అంది నాగవేణి.

ఆయన తల ఊపాడు. అప్పుడు అసలు తెర తెరుచుకుంది.

కొత్త ఆఫీసరు వచ్చిన మొదటి రోజే గదిలో బీరువాలు జరిపించినట్టు, అది అన్నిటినీ సర్దేసింది. అంకెలను కూడా అక్షరాల్లా పేర్చింది: ఒకటి పక్కన పది, పది పక్కన వంద, వంద పక్కన నూట ఒకటి. ఎడమ అంచులు, కుడి అంచులు, కొంగులు, బుటాలు అన్నీ బడిపిల్లల్లా వరుస కట్టి, ఒకే గుడ్డ తొడుక్కుని నిలబడ్డాయి. చౌడప్ప కన్ను సూటిగా కుడివైపు పై మూలకు పోయింది. అక్కడ చెత్తబుట్ట బొమ్మ ఉంది.

"ఏదీ?" అన్నాడు. అంతే.

నాగవేణి గబగబా మౌస్ అందుకుంది. "ఉంది మామా. అన్నీ ఉన్నయి. యాడికి పోలే." తేదీని బట్టి వెతుకుదామనుకుంది. దింపింది ఆ రోజే కాబట్టి అన్నిటికీ ఆ రోజు తేదీయే పడింది. కోట అంచులు పంతొమ్మిదీ ఏరి పక్కన పెట్టేసరికి మధ్యాహ్నమైంది. తేడా ఒకటి రెండు గడులే కాబట్టి తెర మీద ఆయన కంటికి కూడా అన్నీ ఒకేలా ఉన్నాయి. కాగితం మీద పరుచుకుని చూద్దామంటే కొత్త పెత్తనం మా పాత ప్రింటర్‌ను గుర్తుపట్టలేదు. దానికి ఆ ముసలిదాన్ని ఎవరూ పరిచయం చెయ్యలేదట.

అంతలో ఈరన్న గుమ్మంలోకి వచ్చాడు. భుజం మీద తువ్వాలు, నోట్లో వక్క.

"పెద్దనాయనా, అట్టలేవి? పడుగు పోసి ఎనిమిది దినాలాయె. మా ఇంటామె మగ్గం మీద బట్టలారేస్తుండాది."

"రేపిస్తం అన్నా," అంది నాగవేణి.

"రేపు పొద్దుగాల రావాల. రాకుంటే ఈ పడుగు తీసేసి సాదా అంచు ఎక్కిస్త. చీరలు కొనే సేటుకు సాదావే కావాలంట. కోట ఎవడు కట్టుకుంటడు, మనం గోడల మధ్య ఉండేది సాలదా అంటుండాడు." నవ్వి, చౌడప్ప నవ్వలేదని చూసి నోరు మూసుకున్నాడు. "కోపమొద్దు పెద్దనాయనా. నాకూ నెయ్యాలనే ఉంది. కానీ ఒకసారి సాదా ఎక్కిందా, సేటు మళ్ల దింపనియ్యడు."

ఆ సంగతి చౌడప్పకు తెలుసు. ఇలా దిగిపోయిన అంచులు ఆయనకు పేరుపేరునా తెలుసు.

ఈరన్న పోయాక నాగవేణి ఒక ఉపాయం ఆలోచించింది. "మామా, పంతొమ్మిదిసార్లు గీసినవ్ గద. ఆఖరుదే అసలుది. పంతొమ్మిదోది తీస్త."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మరి?"

ఆయన తెర మీంచి కళ్లు తిప్పుకున్నాడు. "కుదిరినంక గూడ గీసిన. ఇంకా బాగొస్తదేమోనని."

"వచ్చిందా?"

"రాలే."

మనుషులంతా ఇంతే. కుదిరినదాన్ని కుదిరిందని నమ్మడానికి వాళ్లకు ఇంకో ఐదుసార్లు చెడగొట్టుకోవాలి.

చౌడప్ప కుర్చీలోంచి లేచాడు. అట్టలకు చిల్లులు కొట్టే ముక్కాలిపీట గోడవారగా ఉంటే దాన్ని లాక్కుని, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఉలి, సుత్తి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"చదువు," అన్నాడు.

నేను రాకముందు ఆ ఊళ్లో పని అలాగే జరిగేదట. ఒకరు కాగితం చూసి చదివేవారు, ఒకరు అట్ట కొట్టేవారు. నిండు గడి వస్తే ఎత్తు, ఖాళీ గడి వస్తే విడువు. నాగవేణి పుట్టింట్లో కూడా మగ్గముంది. ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మొదటి కోటను నా మీద పెద్దది చేసి, గడుల మీద వేలు జరుపుతూ ఎత్తుకుంది.

"మూడెత్తు, ఒకటి విడువు. మూడెత్తు, ఒకటి విడువు. ఐదెత్తు..."

"కాదు."

రెండోది. నాలుగు వరుసలు పోయాక, "కాదు." మూడోదానికి రెండు వరుసలకే చెయ్యి ఊపాడు. ఆమె గొంతు రాసుకుపోతోంది. లింగమ్మ వచ్చి చెంబుతో నీళ్లిచ్చి, "ఆయన కాదు అంటాంటే నాకు పెండ్లిచూపులు యాదికొస్తున్నయి. నాకన్న ముందు ఆరుగురిని అట్లనే కాదన్నడు," అంది.

"ఏడుగురు," అన్నాడు చౌడప్ప కళ్లు తెరవకుండా.

లింగమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

ఆరేళ్లు నేను ఆయన కళ్లకే పని చెప్పాను. గడులూ రంగులూ చూపించాను. ఆ అంచు ఆయన చెవిలో కూడా ఉందని నాకు తెలియదు. చదువుతున్నకొద్దీ ఆయన కుడిచెయ్యి గాలిలో సుత్తి ఆడిస్తోంది. తప్పు వరుస రాగానే ఆ చెయ్యి ఆగిపోతుంది, నోరు ఆ తర్వాత అంటుంది. ఆమె అంకెల వరుస పట్టించుకోకుండా ఏది చేతికొస్తే అది తెరుస్తోంది. పదకొండు కోటలు కూలిపోయాయి.

పన్నెండోసారి తెరిచినది పద్నాలుగో కోట.

"రెండెత్తు, ఒకటి విడువు. రెండెత్తు, ఒకటి విడువు. ఏడెత్తు, ఒకటి విడువు, ఏడెత్తు..."

చెయ్యి ఆగలేదు. పది వరుసలు. ఇరవై. నాగవేణి గొంతు పాటలా అయిపోయింది. బురుజు ఎక్కింది, దిగింది, వెలుతురు పోగు వచ్చింది, మళ్లీ బురుజు. ముప్పయ్యో వరుసలో ఆయన కళ్లు తెరిచి, మొదటి అట్ట పీట మీద పెట్టి, ఉలి ఆనించాడు.

"మొదటికెల్లి రా," అన్నాడు.

తొంభై ఆరు అట్టలు. దీపాలు పెట్టే వేళకు ఆఖరు చిల్లు పడింది. లింగమ్మ అట్టలను వరుసగా తాడుతో కుట్టింది. నాగవేణి నాలో వెతికి, సర్దే బుద్ధిని ఆపే మీట ఎక్కడుందో పట్టుకుంది. లోపలెక్కడో నాలుగు గదుల అవతల పెట్టారు దాన్ని. అది ఆపాక, మామ చెయ్యి పట్టి మౌస్ మీద పెట్టింది. ఆయన ఒక్కో అంచునూ తెరిచి చూసి, దాని చోటికి దాన్ని జరపడం మొదలుపెట్టాడు. ఇరవై పూర్తయ్యాక అన్నానికి లేచాడు.

నేనిప్పుడు ఎక్కడున్నానంటారా? అదే బల్ల మీద. నా తోటివాళ్లంతా తూకానికి పోయి ఉంటారు. నాకు ఆ తొందర లేదు. కొత్త పెత్తనం కొన్నాళ్లకు అందరికీ విడుదలైంది, దాని గురించి పట్నాల్లో చదువుకున్నవాళ్లు పేజీలు పేజీలు రాశారట. మొదట రాసినవాళ్లలో ఒకరి సంగతి మాత్రం నాకు తెలుసు.

అట్టలు కొట్టిన మర్నాడు పొద్దున నాగవేణి నీళ్లకు పోయింది. చౌడప్ప స్నానం చేసి, నన్ను తనే లేపాడు. తెర మీద తెలుగులో ఒక ప్రశ్న వచ్చింది. ఒక రోజు వాడారు, మీకు ఎలా అనిపించింది, రాసి పంపండి అని. ఆయన పెదవులు కదుపుతూ మూడుసార్లు చదివాడు. అక్షరాల పలక తెర మీదే ఉంది. ఒక్కో అక్షరం వెతికి నొక్కాడు. ఒత్తుల దగ్గర ఆగాడు. తుడిచాడు. మళ్లీ నొక్కాడు. ఎండ గుమ్మంలోంచి పీట దాకా వచ్చేవరకు రాశాడు.

"తెలుగు బాగుంది. పనిచేసేవాడు ఒక వస్తువు ఒక చోట పెట్టినాడంటే కారణం ఉంటుంది. జరిపే ముందు అడగవలెను. పాత ప్రింటరును కూడ గుర్తుపట్టవలెను. ఇట్లు చౌడప్ప, రాజోలి."

పంపు అన్నచోట నొక్కాడు. తర్వాత అట్టల దండ భుజాన వేసుకుని ఈరన్న ఇంటికి నడిచాడు.